సంతకం ఆయనది, రాత నాది

పాథాలజీ విభాగం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

పిన్నీ,

ముందు నీ మోకాలి సంగతి చెప్పు. మెట్లెక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడా? "అదే పోతుందిలే" అని మాత్రం రాయకు. ఆ మాట మా రోగులందరూ చెబుతారు.

ఇక నా సంగతి. మా విభాగంలో ప్రొఫెసర్ పోస్టు పడింది. ఒకటంటే ఒకటే. అర్హులం ఇద్దరం: నేను, టై. టై గురించి నీకు ఇదివరకు రాశాను. నాకంటే అయిదేళ్ళు చిన్న. ఆపరేషన్ గది నుంచి వచ్చిన ముక్కల్ని కోసేటప్పుడు కూడా మెడలో టై తియ్యడు, కొస మాత్రం జేబులో దోపుకుంటాడు. కుర్రాడు మంచివాడే.

దరఖాస్తుకి విభాగాధిపతి సిఫార్సు ఉత్తరం జత చెయ్యాలి. మా పెద్దాయన పద్ధతి నీకు తెలుసు కదా. ఎవరికి ఉత్తరం కావాలన్నా నన్ను పిలిచి, "నువ్వు రాసి పట్రామ్మా, సంతకం పెడతా" అంటారు. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. నా చేతి ఉత్తరం పుచ్చుకుని ఎంతమంది ఎన్ని మెట్లెక్కారో నాకే గుర్తులేదు. ఈసారీ పిలిచారు. "అతనిదీ నీదీ రెండూ రాసెయ్. నీది నీకు మరీ సులువు" అన్నారు.

రాసేశాను. టై ఉత్తరానికి మధ్యాహ్నమంతా పట్టింది. నాది ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. నా గురించి రాయడానికి ఏముంటుందిలే! నకళ్ళు ఇందులో పెడుతున్నాను. అచ్చుతప్పులు నీ కంటికి ఆనినట్టు నాకు ఆనవు, చూసి పంపు.

మీ అల్లుడు కులాసా. పెద్దాడు ఈ నెలలో రెండో జామెట్రీ బాక్సు పోగొట్టాడు. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు గానీ, "ఫోన్లో అయితే బాగున్నానన్న ఒక్క ముక్కతో తప్పించుకుంటావు, కాగితం మీద రాయి" అని నా హాస్టల్ రోజుల్లో నువ్వు పెట్టిన రూలు ఇంకా ఎత్తెయ్యలేదు కదా.

నీ బుజ్జమ్మ


ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 10

బుజ్జమ్మా,

దిగేటప్పుడే నొప్పి. ముప్పై మూడేళ్ళు మోకాలిచిప్పలు చేతిలో పట్టుకుని పిల్లలకి అనాటమీ పాఠం చెప్పాను. ఇప్పుడు నా మోకాలు నాకు పాఠం చెబుతోంది.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అచ్చుతప్పులు లేవు. మిగతా తప్పులకి ఎర్రపెన్సిల్ సగం అరిగింది.

టై ఉత్తరం చదివాక ఆ మహానుభావుణ్ణి ఒకసారి చూసి రావాలనిపించింది. "అసాధారణ ప్రతిభ." "స్వతంత్ర ఆలోచన." "విభాగాన్ని ముందుకు నడిపించగల దక్షత." ముక్కల సీసాల మీద చీటీలు అతికించే తీరు మార్చినందుకు "విప్లవాత్మకమైన సంస్కరణ" అట. చీటీలకి విప్లవమేమిటే!

తర్వాత నీది. "ఓర్పు గలది." "కష్టపడి పనిచేస్తుంది." "అందరితో కలిసిమెలిసి ఉంటుంది." సహాయం అన్న మాట అయిదుసార్లు. "ఇద్దరు పిల్లలున్నా సెలవులు తక్కువ పెడుతుంది." ఇది ప్రొఫెసర్ ఉద్యోగానికి సిఫార్సా, పక్కింటివాళ్ళకి పనిమనిషిని కుదర్చడమా?

నాకు ఒళ్ళు మండింది ఎక్కడో కూడా చెబుతాను. ఆపరేషన్ జరుగుతుండగానే సర్జను ఒక ముక్క కోసి మీకు పంపిస్తే, దాన్ని గడ్డకట్టించి, పల్చగా తరిగి, ఇరవై నిమిషాల్లో అది క్యాన్సరో కాదో చెప్పే ఫ్రోజెన్ సెక్షన్ గది ఉంది కదా. అది ఆ ఆసుపత్రిలో పెట్టించింది ఎవరు? చంటిదాన్ని మీ అమ్మకి అప్పజెప్పి ఆర్నెల్లు ఆ గదిలో కాపురమున్నది ఎవరు? దాని గురించి ఏం రాశావు? "ఏర్పాటులో పాలుపంచుకుంది." నువ్వు లేకపోతే అక్కడ పాలెక్కడివి, పంచుకునేదెవరు?

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టుంది నీ వ్యవహారం. తోడ్పడింది, సహకరించింది అన్నవి పీకేసి, పెట్టింది, నడిపింది, నేర్పింది అని రాయి. రాసి మళ్ళీ పంపు.

పిన్ని


పాథాలజీ విభాగం
ఫిబ్రవరి 18

పిన్నీ,

నీ ఉత్తరం మైక్రోస్కోపు పక్కన పెట్టుకుని చదువుతూ ఒక్కదాన్నే నవ్వుతున్నాను. టెక్నీషియన్ వచ్చి, "ఆ స్లైడులో ఏముంది మేడం, నేనూ చూడొచ్చా?" అన్నాడు.

కానీ నీ ఎర్రపెన్సిల్ ఆలస్యమైంది. పెద్దాయన రెంటి మీదా సంతకాలు గిలికేశారు. ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూ, ఏది ఎవరిదో కూడా చూడలేదు. టై కవరు ఆ సాయంత్రమే వెళ్ళింది. నా పని కూడా నడుస్తోంది.

అయినా నా గురించి నేనే "అసాధారణ ప్రతిభ" అని ఎలా రాసుకోను చెప్పు? ఇంకొకరి గురించైతే కలం పరుగెడుతుంది. నా దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుంది. సొంత డబ్బా కొట్టుకునే విద్య మన ఇంట్లో ఎవరికీ అబ్బలేదు.

నాన్న ఫోన్ చేశారు. "మీ పిన్ని లాగా నువ్వూ ప్రొఫెసర్‌వైతే మన ఇంట్లో ఇద్దరవుతారు" అని ఒకటే హడావిడి. పక్కింటాయనకి అప్పుడే చెప్పేశారట.

జామెట్రీ బాక్సు దొరికింది. ఫ్రిజ్‌లో.

నీ బుజ్జమ్మ


ఇల్లు
ఫిబ్రవరి 26

బుజ్జమ్మా,

మీ నాన్న మాటలకేం గానీ, నేనొకటి అడుగుతాను, సూటిగా జవాబు రాయి.

పిల్లల ముందు ఎముకలన్నీ బల్ల మీద పేర్చి, ఒకటి మాత్రం జేబులో దాచి, ఏది లేదో చెప్పమనేదాన్ని. అలవాటైన కళ్ళు కనుక నాకు ఉన్నవాటికంటే లేనిది ముందు కనిపిస్తుంది. నీ ఉత్తరంలో టై కవరు "వెళ్ళింది" అని ఉంది. నీ పని "నడుస్తోంది" అని ఉంది. నడుస్తూ ఎంత దూరం వెళ్ళింది? పంపావా, లేదా? ఆఖరు తేదీ ఎప్పుడు?

పిన్ని


పాథాలజీ విభాగం
మార్చి 5

పిన్నీ,

పంపలేదు.

కవరు స్లైడ్ల బీరువాలో, కింది అరలో ఉంది. ఆఖరు తేదీ ఈ నెల ముప్పై ఒకటి. తిట్టే ముందు నా మాట విను. వాళ్ళు పది అర్హతలు అడిగారు. నాకు తొమ్మిదున్నాయి. పదోది, ప్రభుత్వం డబ్బిచ్చిన పరిశోధనకి నాయకత్వం వహించి ఉండాలట. మా కిడ్నీ పరిశోధన నాలుగేళ్ళు నేనే చూశాను గానీ కాగితాల మీద పెద్దాయన పేరుంది. లేని అర్హత ఉందని ఎలా పెట్టను? టైకి పదిలో ఆరే ఉన్నాయి. అడిగితే, "మిగతావి చేరాక చూసుకోవచ్చు మేడం" అన్నాడు. ఆ ధైర్యం చూస్తే ముచ్చటేసింది కూడా.

నిన్న మిఠాయి పొట్లంతో వచ్చాడు. "పెద్దాయన నా గురించి ఎంత గొప్పగా రాశారో! నేనింతవాణ్ణని నాకే తెలియదు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నేను మిఠాయి తిని ఊరుకున్నాను. "మీదెప్పుడు పంపుతున్నారు?" అంటే, చూద్దాం అన్నాను.

వదిలెయ్ పిన్నీ. నాకు పని ఉంది, పిల్లలున్నారు, మైక్రోస్కోపు ఉంది. అందరూ ప్రొఫెసర్లు కావాలని ఎక్కడుంది? ఇవ్వాలనుకుంటే వాళ్ళే ఇస్తారు. అనుకోకపోతే మనం ఎంత అడిగినా ఇవ్వరు.

నీ బుజ్జమ్మ


ఇల్లు, వెనక వరండా
మార్చి 11

బుజ్జమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాలుగోది ఇది.

నేను ప్రొఫెసర్‌ని కాను. ఎప్పుడూ కాలేదు. అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యాను. రిటైరైన వారానికి మీ నాన్న నలుగురిలో నన్ను చూపించి, "మా మరదలు, అనాటమీ ప్రొఫెసర్" అన్నారు. ఆయనకి ఆ తేడా తెలియదు. నాకు తెలుసు. సరిదిద్దుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసేశాను. ఆ తర్వాత అందరూ అదే పిలుపు అందుకున్నారు. నువ్వు కూడా.

నా కాలంలో మూడుసార్లు ఆ పోస్టు పడింది. మొదటిసారి మా విభాగాధిపతి, "ఈసారికి అతన్ని వెళ్ళనివ్వండమ్మా, ఇల్లు గడపాల్సినవాడు" అన్నారు. సరే అన్నాను. నా ఇల్లు గాలికి గడుస్తోందా అని అడగలేదు. రెండోసారి, ఇంత పాఠం చెబుతున్నాను కదా, వాళ్ళే పిలిచి ఇస్తారనుకున్నాను. మూడోసారి దరఖాస్తు నింపాను కూడా. సంచిలో పెట్టుకుని నెలరోజులు తిరిగాను. ఎవరైనా, "ఏమ్మా, నువ్వు పెట్టలేదా?" అంటారేమోనని చూశాను. ఒక్కరూ అనలేదు. ఆఖరు రోజు సాయంత్రం దాన్ని సంచిలోంచి తీసి పుస్తకాల కింద పెట్టేశాను. ఆ పోస్టులోకి వచ్చినతనికి కుడి తొడ ఎముకకీ ఎడమ తొడ ఎముకకీ తేడా నేర్పింది నేనే.

నాకు ఎవరూ అన్యాయం చెయ్యలేదని ఇన్నాళ్ళూ గర్వంగా అనుకున్నాను. నిజానికి కాదనే శ్రమ కూడా వాళ్ళకి ఇవ్వలేదు. అడగందే అమ్మయినా పెట్టదని ఊరందరికీ చెప్పి, నేను మాత్రం కంచం దాచుకుని కూర్చున్నాను.

నాకు సిగ్గుగా ఉంది. నీకు చెప్పాల్సి వచ్చినందుకు కాదు, ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు.

పిన్ని


పాథాలజీ విభాగం
మార్చి 17

పిన్నీ,

నాకు తెలుసు.

నువ్వు రిటైరైనప్పుడు కాలేజీ నుంచి నీ అట్టపెట్టెలు మోసుకొచ్చింది నేనే కదా. ఒకదాని అడుగు ఊడి కాగితాలన్నీ మెట్ల మీద పడ్డాయి. ఏరుతుంటే నీ రిటైర్మెంట్ ఆర్డరు కనిపించింది. చదివి, మడిచి, మళ్ళీ పెట్టేశాను. నువ్వు చెప్పలేదు కనుక నేనూ అడగలేదు.

కానీ అది చదివి నేను అర్థం చేసుకున్నది వేరు. నీకు ఇవ్వలేదనుకున్నాను. నా పిన్నికే ఇవ్వనివాళ్ళు నాకిస్తారా అని ఆ మెట్ల మీదే తేల్చేసుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ఇంటర్వ్యూ బల్ల వెనక ఉండే ఎవరో మొహం తెలియని అయిదుగురి మీద కోపం పెంచుకున్నాను. నీ కాగితం వాళ్ళ బల్ల మీదికే వెళ్ళలేదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆ కోపమంతా తిరిగి నీ మీదికొచ్చింది. ఒక రోజంతా ఉంది. మీ అల్లుడితో కూడా మాట్లాడలేదు, పాపం ఆయనకేం తెలుసు, కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని రెండుసార్లు రుచి చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళాను.

"సార్, నా ఉత్తరం మీరు రాయాలి."

"అదేంటమ్మా, సంతకం పెట్టేశాగా."

"ఒకసారి చదవండి సార్."

కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, "ఇదెవరి గురించి? కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయా?" అన్నారు.

"నా గురించే సార్."

"దీని కిందా నా సంతకం! నా పరువు తీద్దామనుకున్నావా?"

"మీరు చదవలేదు సార్. నేను రాయలేకపోయాను."

ఆయన కలం తీశారు. అరగంటలో మూడు వాక్యాలు రాశారు. మన పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అలా రోజూ కళ్ళ ముందుండే మనిషి గురించి ఆయనకి ఏమీ గుర్తురావడం లేదు. "ఆ గది ఏ సంవత్సరం పెట్టావు? ఎంతమందికి నేర్పావు?" అని నన్నే అడగడం మొదలెట్టారు. నేను చెప్పనన్నాను. దాంతో సర్జన్‌ని పిలిపించారు. ఆయన ఆపరేషన్ దుస్తుల్లోనే వచ్చి, "ఆవిడ ఆగమంటే నా కత్తి ఆగుతుంది. కిందటేడు ఆవిడ ఆగమనకపోతే ఒక పంతులమ్మకి అనవసరంగా రొమ్ము తీసేసేవాణ్ణి. ఇంకేం రాస్తారు?" అని వెళ్ళిపోయాడు. పెద్దాయన అది ఉన్నదున్నట్టు రాశారు.

తర్వాత టై వచ్చాడు. సంగతి విని, "అయితే నా ఉత్తరం కూడా..." అన్నాడు.

"అదీ ఆవిడే" అన్నారు పెద్దాయన.

"మరి నా చీటీల విప్లవం?"

"చీటీలు నిజంగానే బాగున్నాయి బాబూ" అన్నాను. మొహం కాస్త తేరుకుంది. కూర్చుని, నా దగ్గర తను నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. నాకు గుర్తులేనివి కూడా చెప్పాడు.

ఆఖరున పదో అర్హత. పెద్దాయన చాలాసేపు కలం తిప్పుతూ కూర్చున్నారు. "ఆ పరిశోధనకి పేరు నాది. నేను ఆ గదిలో అడుగుపెట్టింది ఫోటో తీసిన రోజే. నడిపింది నువ్వు. అదే రాస్తున్నాను" అన్నారు. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు.

నాలుగు పేజీలైంది. నిన్న రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదు నీకు పంపుతున్నాను, నమ్మవేమోనని.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. ఆదివారానికి పోతుంది.

నీ బుజ్జమ్మ


ఇల్లు
మార్చి 24

బుజ్జమ్మా,

ఆదివారం అయిపోయింది. కోపం పోయిందనే అనుకుంటున్నాను.

నేను దాచింది నిన్ను కాపాడుతుందనుకున్నాను. అది నీ కాళ్ళకే అడ్డం పడిందని తెలిసి అన్నం సయించలేదు. నన్ను క్షమించు. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఒక్కటే చెబుతాను. నీకు "మేము" అనే జబ్బుంది. "మేము పెట్టాం, మేము నేర్పాం" అంటావు. ఆ మాటని గొడుగుతో పాటు గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్ళు. తిరిగొచ్చేటప్పుడు కావాలంటే తీసుకో.

పిన్ని


పాథాలజీ విభాగం
మే 9

పిన్నీ,

వచ్చింది! ఆర్డరు ఈ పొద్దున్నే చేతికందింది. నీకు ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కి, మళ్ళీ రూలు గుర్తొచ్చి కాగితం తీశాను. అక్షరాలు వంకరపోతున్నాయి, చూసి నవ్వకు.

ఇంటర్వ్యూ సంగతి చెప్పాలి. అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన, "ఫ్రోజెన్ సెక్షన్ గది ఎవరు పెట్టారు?" అన్నాడు. "మే..." అనేశాను. నీ గొడుగు గుర్తొచ్చింది. ఆగి, "నేను" అన్నాను. ఆ ఒక్క అక్షరం మార్చడానికి నాకు చెమటపట్టింది పిన్నీ. ఆయన అలాగా అని రాసుకున్నాడు, అంతే. భూమి బద్దలవలేదు. ఆ తర్వాత పావుగంట నేను నేను అని నేనే మాట్లాడాను. బయటికొచ్చాక కొంచెం ఎక్కువైందేమో అనిపించింది కూడా.

టైకి రాలేదు. అందరికంటే ముందు వచ్చి చెయ్యి కలిపింది అతనే. "వచ్చేసారికి మిగతా నాలుగు అర్హతలూ సంపాదిస్తాను, ఎలాగో చెప్పండి" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. ఇకనుంచి మా విభాగంలో ఎవరి ఉత్తరం వాళ్ళు రాసుకోకూడదని పెద్దాయన చేత నోటీసు పెట్టించాను. ఆ నోటీసు కూడా నన్నే రాయమన్నారు. రాయలేదు. ఆయనే రాశారు.

ముందు నీకే రాస్తున్నాను. నాన్నకి సాయంత్రం చెబుతాను.

నీ బుజ్జమ్మ


ఇల్లు, వెనక వరండా
మే 16

బుజ్జమ్మా,

నీ ఉత్తరం పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. మోకాలు అడ్డం చెప్పలేదు. ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకాదు, నువ్వే ఊహించుకో, తక్కువ మాత్రం ఊహించుకోకు.

మీ నాన్న ఫోన్ చేశారు. "ఇప్పుడు మన ఇంట్లో ఇద్దరు ప్రొఫెసర్లు!" అన్నారు. "కాదు బావా, ఒక్కరే" అన్నాను. చెప్పేశాను అంతా. "మరి ఇన్నేళ్ళూ నేనంటుంటే ఎందుకు ఊరుకున్నావు?" అన్నారు. "వినడానికి బాగుండేది బావా" అన్నాను. ఆయన ఫోన్ మీ అమ్మకిచ్చేశారు.

మా అక్క సంగతి తెలుసు కదా, ముందు కోప్పడింది. "మూడుసార్లా! ఒక్కసారైనా అడగకపోయావా?" అంది.

"అడగమని ఎవరూ చెప్పలేదక్కా" అన్నాను.

అప్పుడు నెమ్మదిగా, "నేను చెప్పాల్సింది" అంది. "నీ సంచిలో ఆ కాగితం నేను చూశాను. నీ ఉద్యోగం సంగతి నాకేం తెలుసులే అని ఊరుకున్నాను."

ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం. ముసలితనంలో ఇదొకటి. తర్వాత తేలిగ్గా అనిపించింది.

ఇంక నీకొక పని. ప్రొఫెసర్‌వి కదా, పెద్దవాళ్ళు చెప్పారని కాకుండా నీకే తోచి చెయ్యి. మీ భవనంలో, ఏదో ఒక అంతస్తులో, నింపిన దరఖాస్తు సంచిలో పెట్టుకుని తిరుగుతున్న అమ్మాయి ఒకతి ఉంటుంది. తనంతట తాను నీ దగ్గరికి రాదు. నువ్వే వెళ్ళి, "ఏమ్మా, నువ్వు పెట్టలేదా?" అని అడుగు.

ఆశీస్సులతో
నీ పిన్ని
రిటైర్డ్ అసోసియేట్ ప్రొఫెసర్, అనాటమీ